తోక నుంచి కోత

ఏం పని చేస్తారని కొత్తవాళ్ళు ఎవరైనా అడిగితే కోస్తానని చెబుతాను. వాళ్ళు ఒకసారి నా చేతుల వంక చూసి, డాక్టరమ్మా, కుట్టు మిషనా అని రెండో ప్రశ్న వేస్తారు. రెండూ కాదు. శ్రీకాకుళంలో ఒక దినపత్రిక జిల్లా పేజీలకు సబ్ ఎడిటర్‌ని. మండలాల నుంచి విలేకరులు పంపే వార్తలు పెళ్ళివారి సామాను మాదిరి వచ్చి పడతాయి. వాటిని విప్పి, కావలసింది తీసుకుని, మిగిలింది పారేసి, పేజీలో ఉన్న ఖాళీలో ఇరికించడం నా ఉద్యోగం. రాసినవాళ్ళకు పేరొస్తుంది. కోసినవాళ్ళకు మర్నాడు పొద్దున్నే ఫోన్లొస్తాయి.

ఆ ఫోన్లు దేనికంటే, పేర్లకు. మా దగ్గర ఒక బోరుకు మోటారు బిగించినా సరే, ముఖ్య అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి, సభాధ్యక్షుడు, వందన సమర్పణ చేసినాయన, దండలు తెచ్చినాయన, అందరూ వార్తలో ఉండాలి. నీళ్ళు వచ్చాయో లేదో ఉండకపోయినా ఫర్వాలేదు. అందరినీ రాస్తే పేజీ చాలదు కాబట్టి పెద్దలు నలుగురిని ఉంచి వెనకాల 'తదితరులు పాల్గొన్నారు' అని కలుపుతాం. నాకు తెలిసి మా రెండు జిల్లాల్లో అన్నిటికన్నా పెద్ద కుటుంబం ఈ తదితరులదే. విజయనగరంలో విగ్రహానికి దండ వేసినా వాళ్ళే, ఇచ్ఛాపురంలో మొక్క నాటినా వాళ్ళే. ఎవరూ పిలవకపోయినా వస్తారు. ఒక్కరోజూ ఫోన్ చేసి మా పేరేదని అడగరు. వాళ్ళంటే నాకు ఎంతో గౌరవం.

నాకు ఈ విద్య నేర్పింది మా డెస్కు ఇన్‌ఛార్జి. క్లుప్తత మీద ఆయనకున్నంత భక్తి నేను గుళ్ళో పూజారికి దేవుడి మీద కూడా చూడలేదు. క్లుప్తంగా ఎందుకు రాయాలో ఆయన చెప్పడం మొదలుపెడితే, బల్ల మీద టీ చల్లారి, మీగడ కట్టి, దాని మీద ఈగ వాలి ఎగిరిపోయినా ఆయన ఇంకా ఉపోద్ఘాతంలోనే ఉంటారు. చివరికి ఆయన చెప్పేది ఒకటే మాట, తోక నుంచి కొయ్యమని. వార్తలో ముఖ్యమైనది తలలో ఉంటుంది, కిందికి వెళ్ళేకొద్దీ ప్రాధాన్యం తగ్గుతుంది, కాబట్టి చోటు చాలకపోతే చదవనక్కర్లేదు, కింద నుంచి లైన్లు తీసేసుకుంటూ పోవడమే. "వార్తంటే బల్లి లాంటిదమ్మా, తోక తెగినా బతుకుతుంది" అనేవారు. నేనూ అలాగే కోశాను, ఎన్నో ఏళ్ళు.

ఈమధ్య పేపరు ఒక్కటే కాదు, ఫోన్లోకి కూడా వార్తలు పెట్టాలి. చదివేవాడు వేలితో తెర జరిపేలోపు వార్త అయిపోవాలని పైనుంచి ఆదేశం. వంతెన కూలినా, వంతెన కట్టినా, అంతే చోటు. దానికి ఒక యంత్రం కూడా వచ్చింది, మనం వార్త వేస్తే అది నమిలి నాలుగు ముక్కలు ఉమ్ముతుంది. అదొచ్చిన రోజు ఇన్‌ఛార్జికి దిగులు పట్టుకుంది. అది కూడా తోక నుంచే కోస్తుందని తెలిశాక కాస్త కుదుటపడ్డారు.

అలవాటు ఇంటికి కూడా వచ్చింది. మా ఆయన బ్యాంకులో జరిగింది చెబుతుంటే, ఆఖరికి పనైందా లేదా అని అడ్డం పడతాను. ఆయన నోరు మూసుకుని పేపరు తీసుకుంటారు, అదీ నేను కోసిన పేపరే. మా అమ్మ పొందూరు దగ్గర పల్లెలో ఉంటుంది. ఫోన్ చేసిందంటే ముందు గేదె, తర్వాత పొలం, తర్వాత పక్కింటివాళ్ళ కోడలు, ఆ తర్వాతెక్కడో తనకు జ్వరం వచ్చిందన్న సంగతి. నేను మధ్యలోనే ఊఁ ఊఁ అని తొందరపెడతాను. "నీతో మాటాడితే బస్సులో టికెట్టు తీసుకున్నట్టుంటాదే. ఊరు పేరు సెప్పీ, బేగి దిగీ అంటావు" అని ఒకసారి కోప్పడింది. నవ్వేశాను. జ్వరం సంగతి ఆఖరున చెప్పే మనిషిని తోక నుంచి కోస్తే ఏమవుతుందో అప్పటికి నాకు తట్టలేదు.

కళింగపట్నం వైపు నుంచి మాకు వార్తలు పంపే విలేకరి కూడా ఆ రకమే. ఆయనకు ఎరువుల కొట్టుంది, తాతల నాటి వ్యాపారం. విలేకరి పని కూడా ఆ కొట్టులో కూర్చునే చేస్తారు. ఎవరైనా వచ్చి యూరియా ఉందా అని అడిగితే వెంటనే జవాబు రాదు. ముందు కూర్చోమంటారు, ఇంట్లో పెద్దవాళ్ళ ఆరోగ్యం అడుగుతారు, పిల్లల చదువులు, వానలు, అన్నీ అయ్యాక యూరియా లేదని చెబుతారు. అసలు సంగతి ఆఖరున చెప్పడం ఆ ఇంటి మర్యాద. వార్తలు కూడా అదే మర్యాదతో రాస్తారు. ముందు పెద్దల పేర్లు, వాళ్ళ హోదాలు, వాళ్ళు పలికిన మంచి మాటలు. జరిగిందేమిటన్నది చివరి పేరాలో, అందులోనూ ముఖ్యమైన ముక్క చివరి వాక్యంలో.

ఆయన మర్యాద, మా ఇన్‌ఛార్జి కత్తెర రోజూ సాయంత్రం ఎదురుపడేవి. ఒకసారి ఉచిత కంటి శిబిరం పెడుతున్నారని వార్త పంపారు. శిబిరం పెట్టిస్తున్న దాతలు, వాళ్ళ తండ్రులు, వాళ్ళ ఉదారత, అన్నీ అచ్చయ్యాయి. శిబిరం ఏ రోజన్నది చివరి వాక్యంలో ఉంది కాబట్టి అచ్చు కాలేదు. పాపం, ఊళ్ళో చూపు ఆనని ముసలివాళ్ళు ఆ వారమంతా రోజూ వచ్చి స్కూలు అరుగు మీద కూర్చుని వెళ్ళారట. విలేకరి మాత్రం ఏనాడూ నొచ్చుకోలేదు. "బాగా టైట్ చేశారు మేడమ్" అని ఫోన్లో మెచ్చుకునేవారు.

ఆయన కొట్టుకు కూతవేటు దూరంలో ఒక చేపల పల్లె ఉంది. పడవలు ఒడ్డుకు రాగానే అక్కడి ఆడవాళ్ళు నెత్తళ్ళు, కవళ్ళు లాంటి చిన్న చేపలు తెచ్చి ఇసకలో ఆరబోసి ఎండు చేపలు చేస్తారు. ఎండిన చేపలో ఇసక ఉంటుంది. కొనడానికొచ్చే వర్తకుడు గుప్పెడు తీసి అరచేతిలో రుద్ది, ఇసక చూపించి, ధర తగ్గిస్తాడు. ఏళ్ళ తరబడి ఇదే వరస. వాళ్ళకు కావలసింది ఒక సిమెంటు గచ్చు. గచ్చు మీద ఎండేస్తే ఇసక అంటదు, వర్తకుడికి సాకు దొరకదు. అయితే ఆ గచ్చు రేవు పక్కనే ఉండాలి, సముద్రపు గాలి తగలాలి. గాలి లేని చోట పోస్తే చేప ఎండేలోపే కుళ్ళుతుంది. రోడ్డు పక్కన తుఫాను షెల్టరు వెనకాల ఖాళీ స్థలం ఒకటుంది. అక్కడ మాత్రం వద్దన్నది పల్లెలో ఆడవాళ్ళందరి మాట.

వాళ్ళలో పెద్దావిడ ఒకామె ఈ మాట చెప్పడానికి అర్జీలు తీసుకునే రోజున శ్రీకాకుళం వచ్చింది. కలెక్టరాఫీసు గేటు ఎదుట గొడుగు కింద ల్యాప్‌టాప్ పెట్టుకుని అర్జీలు రాసిపెట్టే ఆయన ముందు కూర్చుని అంతా చెప్పింది. చాలాసేపే చెప్పిందట. ఆయన ఒక్క పేజీ చేసి చేతిలో పెట్టాడు. ఆమెకు చదువు రాదు, కానీ అంత చెబితే ఇంతే వచ్చిందేమిటని అనుమానం వచ్చింది. అందుకే లోపల అర్జీ ఇచ్చి తిరిగి వెళ్తూ ఎరువుల కొట్టు దగ్గర ఆగి, మళ్ళీ మొత్తం చెప్పి పేపర్లో వెయ్యమంది. రెండు చోట్ల చెబితే ఒక చోటైనా నిలబడుతుందని ఆమె ఆశ. మా విలేకరి ఒక్క అక్షరం వదలకుండా రాశారు. ముందు అర్జీ తీసుకున్న పెద్దల పేర్లు, తర్వాత ఆమె వెంట లోపలికి వెళ్ళిన నాయకుల పేర్లు, తర్వాత గచ్చు, చిట్టచివరి వాక్యంలో రేవు, గాలి, రోడ్డు పక్కన వద్దన్న మాట.

ఆ రోజు ఆ వార్త మా ఇన్‌ఛార్జి చేతిలో పడింది. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. మర్నాడు అచ్చయింది ఇదీ: 'చేపలు ఎండబెట్టుకునేందుకు సిమెంటు ప్లాట్‌ఫాం నిర్మించాలని కోరుతూ మత్స్యకార మహిళలు సోమవారం అధికారులకు వినతిపత్రం అందజేశారు. కార్యక్రమంలో పలువురు నాయకులు, తదితరులు పాల్గొన్నారు.' పేర్లు తదితరుల్లో కలిశాయి, గచ్చు మిగిలింది, తోకతో పాటు చోటు పోయింది. నా చేతిలో పడినా అంతకన్నా ఎక్కువేమీ మిగిలేది కాదు.

విచిత్రమేమిటంటే గచ్చు మంజూరైంది. ఇలాంటి వినతులు మా పేజీల్లో వస్తుంటాయి, పోతుంటాయి. ఇది మాత్రం ఎవరి కంట పడిందో, ఏ నిధులు మిగిలిపోయి ఉన్నాయో, కొన్నాళ్ళకే కట్టేశారు. ప్రారంభోత్సవం ఫొటో వచ్చింది. రిబ్బను, కత్తెర, కత్తెర పట్టుకున్న చెయ్యి, ఆ చేతిని పట్టుకున్న మరికొన్ని చేతులు. ఇన్‌ఛార్జి మా పాత వార్త కటింగు గోడకు అంటించి, కొత్తగా చేరినవాళ్ళకు చూపించారు. "చూశారా, రెండు వాక్యాలు. అదే పేజీడు రాసి ఉంటే ఎవరు చదువుతారు?" అని ఆ రెండు వాక్యాల గొప్పతనాన్ని ఒక పూటంతా వివరించారు.

ఆ తర్వాత కొద్దిరోజులకే ఆ పెద్దావిడ మా ఆఫీసుకు వచ్చింది. భుజాన సంచి, సంచిలో చేపలు. ఏసీ గదిలోకి ఆ వాసన రాగానే ఇన్‌ఛార్జి కుర్చీ కాస్త వెనక్కి జరిగింది.

"మా గచ్చు సంగతి రాసినోలు ఎవులమ్మా?" అని అడిగింది.

"కూకో పెద్దమ్మా. ఏటైంది?" అన్నాను.

"గచ్చు కట్టీసినారు. మంచి గచ్చే, సిమెంటు బాగానే ఏసినారు. తీసుకెళ్ళి రోడ్డు పక్కన కట్టీసినారు. అక్కడ గాలేది? పొద్దున్న ఏసిన నెత్తళ్ళు మాపటికి కంపు కొడతన్నాయి. ఇదిగో సూడు." సంచి విప్పింది. చూడక్కర్లేకపోయింది. "రోడ్డు పక్కన వద్దని నాను ఆఫీసు కాడ సెప్పినాను, షావుకారు కొట్టు కాడ సెప్పినాను. నా మాటేటైపోయినాది?"

ఇన్‌ఛార్జి గొంతు సవరించుకున్నారు. "అమ్మా, ముఖ్యమైన విషయం గచ్చు. అది వచ్చింది కదా. మిగతావి వివరాలు."

"ఇవరాలంటే ఏటి బాబూ?"

ఆయన చెప్పడం మొదలుపెట్టారు. క్లుప్తంగా చెప్పాలనుకున్నారు కాబట్టి చాలాసేపు పట్టింది. ఆమె ఓపిగ్గా విని, సంచి మూతి కట్టుకుని, నా వైపు తిరిగి మళ్ళీ అదే అడిగింది, నా మాటేటైపోయినాది అని.

నాకు కోపం ఎక్కువ. ఎవరి మీద పడాలో తెలియని కోపమైతే మరీ ఎక్కువ. నా సెలవు రోజున, ఆ మాట ఎక్కడెక్కడ పోయిందో వెతుకుతూ బయల్దేరాను.

గొడుగు కిందాయన మర్యాదస్తుడు. నాకు స్టూలు వేసి, తన కష్టం చెప్పాడు. "లోపల రెండో పేజీ తిప్పరండి. ఒక్క పేజీలోనే సర్దాల. అందులో సగం 'గౌరవనీయులైన'కీ, 'తమ దివ్య సముఖమునకు'కీ పోతాది. అవి లేకపోతే అసలు తీసుకోరు. మిగిలిన సగంలో ఆవిడి సేపలు, ఇసక, రేవు, గాలి, అన్నీ పట్టాలంటే ఎలగండీ?" అన్నాడు. ఏం తీసేశారని అడిగితే, రేవూ గాలీ తీసేశానని బాధగానే ఒప్పుకున్నాడు.

లోపల అర్జీలను కంప్యూటర్లోకి ఎక్కించే ఉద్యోగిని నాకు తెర చూపించింది. 'సమస్య' అని ఒక గడి ఉంది, అగ్గిపెట్టె మీద బొమ్మంత. "ఇందులో ఇంతకంటే పట్టదు మేడమ్. నేను 'ప్లాట్‌ఫాం కావలెను' అని కొట్టాను" అంది. ఎవరికి, ఎక్కడ అన్నది లేదేమని అడిగాను. పట్టదని మళ్ళీ చెప్పింది. అసలు ఆ అర్జీ ముందు రైలు స్టేషన్ల సంగతి చూసేవాళ్ళ బల్ల మీదికి వెళ్ళి, మాది కాదని తిరిగొచ్చిందట. అప్పుడామె మా పేపరు కటింగు చూసి చేపల ప్లాట్‌ఫాం అని దిద్దుకుందట. మా వార్త వల్ల మేలు కూడా జరిగిందన్నమాట. గర్వపడాలో ఏడవాలో తెలియలేదు.

గచ్చు కట్టించిన ఇంజనీరు నాకు కాఫీ తెప్పించాడు. "చోటు ఎవరూ చెప్పలేదు కదండీ. అర్జీలో లేదు, పేపర్లో లేదు, ఆర్డర్లో లేదు. రోడ్డు పక్కనైతే కంకర లారీ నేరుగా వస్తుంది, ప్రారంభోత్సవానికి కార్లు వస్తాయి" అన్నాడు. ఆ మాటలోనూ తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. అందరూ మంచివాళ్ళే, ఎవరి కత్తెర వాళ్ళ దగ్గర భద్రంగా ఉంది. దొంగను పట్టుకుందామని వెళ్ళినదాన్ని కాఫీ తాగి ఇంటికొచ్చాను.

ఇంకో రోజు ఆ పల్లెకు వెళ్ళాను. విలేకరి తన బండి మీద తీసుకెళ్ళారు. దారి పొడుగునా మా ఆయన ఆరోగ్యం, మా అమ్మ ఆరోగ్యం, శ్రీకాకుళంలో వాన సంగతి అడిగారు. గచ్చు దగ్గరికి చేరేసరికి దాని మీద షామియానా వేసి ఉంది. ఒక నాయకుడి పుట్టినరోజు. కేకు, మైకు, ఎర్ర కుర్చీలు.

"ఇది కట్టాక మా మండలంలో మీటింగులన్నీ ఇక్కడేనండి మేడమ్. ఎత్తు సరిగ్గా కుదిరింది. గాలి రాదు కాబట్టి ఫ్లెక్సీలు కూడా చిరగవు" అన్నారు విలేకరి. వెటకారం కాదు, ఆయన నిజంగానే సంతోషపడుతున్నారు.

షామియానా దాటి ముందుకు నడిస్తే ఆడవాళ్ళు ఎప్పటిలాగే ఇసకలో చేపలు పరుస్తున్నారు. పెద్దావిడ గుప్పెడు నెత్తళ్ళు నా అరచేతిలో పోసి రుద్దమంది. రుద్దాను. చేపలు తీసేశాక ఇసక మిగిలింది. వెనకాల మైకులో ఎవరో మత్స్యకారుల సంక్షేమం గురించి గొంతు చించుకుంటున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు మా పేపర్లో ఆ పుట్టినరోజు వార్త వచ్చింది. రోడ్డు పక్కన, తుఫాను షెల్టరు వెనక ఉన్న ప్లాట్‌ఫాం మీద వేడుకలు జరిగాయని, చోటుతో సహా, తలలోనే ఉంది.

నేను కూర్చుని మొత్తం రాశాను. రేవు, గాలి, ఇసక, షెల్టరు గోడ, కేకు, ఏదీ వదల్లేదు. పెద్దల పేర్లు ఒక్కటీ రాయలేదు. ఇన్‌ఛార్జి చదివి, తెర మీద మధ్యలో వేలు పెట్టారు.

"బాగుందమ్మా. ఇక్కణ్ణుంచి తీసేద్దాం."

"దీనికి తోక లేదు సార్. ఎక్కడ కోసినా పీకే తెగుతుంది."

"పేజీలో చోటు లేదు."

"లేకపోతే నా కుర్చీ ఖాళీ చేసి ఇస్తాను, అందులో పెట్టండి."

డెస్కంతా చేతులాపి చూసింది. నా మాటలకు ఆయన మనసు కరిగిందని రాసుకోవాలని నాకూ ఉంది. జరిగింది అది కాదు. ఆ సాయంత్రం ఒక నాయకుడికి ఇంకో నాయకుడు ఇవ్వాల్సిన శుభాకాంక్షల ప్రకటన ఆగిపోయింది. ఇద్దరికీ మధ్య ఏదో అలకట. పేజీలో గుమ్మమంత ఖాళీ పడింది. దాన్ని పూడ్చడానికి నా వార్త ఒక్క లైను తెగకుండా వెళ్ళింది.

పొద్దున్న రేవులో ఎవరి పిల్లో దాన్ని గట్టిగా చదివి అందరికీ వినిపించిందట. పెద్దావిడ ఫోన్ చేసింది. "నాను సెప్పింది సెప్పినట్టే ఉన్నాదమ్మా. గాలి కూడా ఉన్నాది" అంది. ఆ మాటకు కలిగినంత సంతోషం ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు ఎన్నడూ కలగలేదు. ఆ రోజు ఇంట్లో పాయసం చేశాను. మా అమ్మకు నేనే ఫోన్ చేసి, గేదె దగ్గర నుంచి మొదలుపెట్టమన్నాను. ఒంట్లో బాగుందా నీకు అని అడిగింది.

పేపర్లో వ్యతిరేకంగా ఏదైనా వస్తే ఆఫీసులు జవాబు చెప్పుకోవాలి, అది పద్ధతి. నా వార్త కటింగు ఏ బల్లల మీదుగా తిరిగి ఉంటుందో, ఆఖరికి ఏ గడిలోకి చేరి ఉంటుందో నాకు తెలుసు. అయినా ఆశపడ్డాను. ఇంత వివరంగా రాశాక ఎలా కోస్తారని అనుకున్నాను. కొన్నాళ్ళకు పెద్దావిడ నుంచి మళ్ళీ ఫోన్ వచ్చింది.

"అమ్మా, నా సెల్లుకి ఏదో వచ్చినాది. షావుకారు నీకు పంపినాడు. ఆయన్ని సదవొద్దన్నాను, నీ నోటంట ఇందామని. సదివి సెప్పు."

చదివాను. 'మీ అర్జీ పరిష్కరించబడినది. ప్లాట్‌ఫాం నిర్మించబడినది.'

"అంతేనా?"

"అంతే పెద్దమ్మా."

"ఎక్కడ కట్టినారో రాయనేదేటి?"

"నేదు పెద్దమ్మా."

నాకు ఏడుపొచ్చింది, కోపంతో వచ్చే ఏడుపు. "మళ్ళీ అర్జీ పెడదాం. ఈసారి నానే రాస్తాను, నానే ఒట్టుకెళ్ళి ఇస్తాను" అన్నాను.



"ఏటని పెడతావమ్మా? గచ్చు లేనోలకి ఇస్తారు గచ్చు. మాకు ఉన్నాది కదా. అది కట్టకముందే బాగుండీది, అడగడానికైనా ఉండీది" అంది.

గాలి లేచిందని, చేపలు తిరగెయ్యాలని చెప్పి ఫోన్ పెట్టేసింది.